ఆరభి నువ్వే పాడు

మైలాపూరు, చెన్నై

అమ్మలూ,

ఈ విషయం ఎత్తితే చాలు నీ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అందుకే రాసి నీ పాటల నోట్సులో పెడుతున్నాను.

స్కూల్ వార్షికోత్సవం రోజున జ్వరంతో మంచం దిగలేకపోయావు. ఇన్నాళ్ళూ సాధన చేసిన ఆరభి రాగం కృతి నువ్వు లేకుండానే అయిపోయింది. అది చిన్న బాధ అని నేను అనను.

మ్యూజిక్ మేడమ్ గారు దానికి బదులుగా రెండు దారులు చూపించారు కదా. ఆ కృతి ఆవిడ ముందు ఒక్కదానివే పాడటం, లేదా ఏదైనా కచేరీ విని రెండు పేజీలు రాయటం. నువ్వు రాయటానికే మొగ్గుతున్నావు. నా మాట విని పాడు తల్లీ.

త్యాగరాజస్వామి ఐదు పంచరత్న కృతుల్లో ఒకటైన ఈ ఆరభి పాటలో ప్రతి చరణానికీ ముందు స్వరం, వెంటనే ఆ స్వరానికే అమరిన సాహిత్యం వస్తాయి. మిమ్మల్ని రెండు వరసలు చేసి నిన్ను స్వరాల వరసలో కూర్చోబెట్టారు. స్వరాలు నిద్రలో లేపి అడిగినా పాడతావు. సాహిత్యం మాత్రం పక్క వరస పాడుతుంటే విన్నావంతే. ఒక్కదానివే పాడాలంటే ఆ సగం కూడా నువ్వే నేర్చుకోవాలి. ఆ రోజు స్టేజీ ఎక్కి ఉంటే ఆ అవసరమే వచ్చేది కాదు.

నీ స్నేహితురాళ్ళ నోట్సు ఒకసారి అడిగి చూడు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకని అక్షరం పక్కన 2, 3, 4 అంకెలు వేసుకుని మన తెలుగు పలికారు ఆ పిల్లలు. ఇంట్లో మాట్లాడని భాషను ఒక్కో హల్లూ పట్టి పట్టి నేర్చుకున్నారు. వాళ్ళంటే నాకు ఎంత గౌరవమో! నీకు ఆ అంకెలతో పని లేదు. పాడేటప్పుడు మాట మధ్యలో ఊపిరి తీసుకుని విరగ్గొట్టకుండా చూసుకో, చాలు.

అందరికీ సరిపోవాలని అప్పుడు శ్రుతి ఐదు పెట్టారు. నీ గొంతు ఐదున్నరలో హాయిగా పలుకుతుంది, మేడమ్ గారిని అడిగి అదే పెట్టుకో. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది కాబట్టి పై షడ్జం (పై స) జోలికి ఇప్పుడే పోవద్దు. ముందు ఆరోహణ, అవరోహణ నెమ్మదిగా పాడు. ఆరభిలో ఎక్కేటప్పుడు గాంధారం (గ), నిషాదం (ని) తగలకూడదు, దిగేటప్పుడే రావాలి. అందరిలో పాడితే చిన్న తప్పు ఎవరికీ వినపడదు, ఒక్కదానివే అయితే నీకే వినపడుతుంది. తాళమూ అంతే. స్వరం నుంచి సాహిత్యానికి మారేచోట నీ చెయ్యి ఆగిపోతోంది. ఆదితాళమే కదా, ఆ మలుపు దగ్గర మళ్ళీ మళ్ళీ వేసుకో.

కచేరీకి వెళ్ళొద్దని కాదు. మార్గళి నెలలో (డిసెంబరు, జనవరి మధ్య వచ్చే తమిళ మాసం) మన చుట్టూ అన్నీ సంగీత సభలే. మధ్యాహ్నం కచేరీలకు చాలాచోట్ల టికెట్ కూడా ఉండదు, పాడేవాళ్ళూ ఎక్కువగా కుర్రవాళ్ళే. తప్పకుండా వెళ్దాం. రెండు పేజీల కోసం మాత్రం వద్దు.

ఇక అందరితో కలిసి పాడే సంతోషం ఉందే, అది మేడమ్ గారి ముందు పాడినా రాదు. దానికి పుష్య బహుళ పంచమి ఉంది. 1847లో స్వామి సిద్ధి పొందిన తిథి అది. తిరువయ్యారులో కావేరి ఒడ్డున నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఐదు పంచరత్నాలూ గోష్ఠిగా పాడతారు. చెన్నైలోనూ చాలాచోట్ల పాడతారు. తిరువయ్యారు గోష్ఠిలో ఒకప్పుడు ఆడవాళ్ళకు చోటే లేదు. ఈ ఊళ్ళోనే ఉండిన గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారు తన సొమ్ము పోసి స్వామి సమాధి మీద గుడి కట్టించారు, ఆడవాళ్ళు అక్కడ పాడాలని పోరాడారు. ఈసారి మనిద్దరం ఇక్కడి గోష్ఠిలో కూర్చుందాం. ఆరభి వచ్చేసరికి స్వరం, సాహిత్యం రెండూ పాడుదువుగాని.

సోమవారం మేడమ్ గారిని కలిసి సెలవుల తర్వాత ఒక రోజు ఇమ్మని అడుగు. గొంతు బాగుపడటానికి ఆ వ్యవధి కావాలి. రేపు పొద్దున కాఫీ కాగానే మొదటి చరణం సాహిత్యంతో మొదలుపెడదాం. శ్రుతి నేను పెడతాను, తాళం మాత్రం నువ్వే వెయ్యాలి.

ముద్దులతో
అమ్మ