ఓడిన వీరులే ఎక్కువ గుర్తుంటారు

సంపాదకులకు,

సీక్వెల్ ఎప్పుడూ అసలు సినిమాకు నీడేనన్న వాదన నాకు బాధ కలిగిస్తుంది. 1977 నాటి ‘స్టార్ వార్స్’ వీరులకు పతకాలు వేసి ముగుస్తుంది. దాని సీక్వెల్‌గా 1980లో ఇర్విన్ కెర్ష్‌నర్ తీసిన ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ వారిని ఓడించింది. వారిలో ఒకడైన హాన్ సోలో కార్బొనైట్ అనే పదార్థంలో గడ్డకట్టిపోతాడు. కుర్ర కథానాయకుడు ల్యూక్ చేయి తెగుతుంది. నరికిన శత్రువు డార్త్ వేడర్ తానే అతని తండ్రినంటాడు. ఇక శత్రువును నిశ్చింతగా ద్వేషించే వీలు కూడా ఆ కుర్రవాడికి లేదు! అంతరిక్ష యుద్ధాలన్నీ ఆ ఒక్క మాట ముందు చిన్నబోతాయి. లోకాన్ని పరిచయం చేసే భారం మొదటి భాగం మోసింది కాబట్టే రెండోది మనసుల్లోకి దిగగలిగింది, నిజమే. అయినా నా ఓటు రెండోదానికే. మా అమ్మాయి మాత్రం మొదటిదే గొప్పదంటుంది. ఈ విషయంలో ఆమెతో నాకు రాజీ లేదు.

— ఒక పాఠకురాలు