వఫ్రా వాలీబాల్ కోర్టు: సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం చేపట్టిన పనుల్లో పెద్దది కువైట్ దక్షిణాన తోటల ప్రాంతమైన వఫ్రాలో వేసిన వాలీబాల్ కోర్టు. సంక్రాంతి, ఉగాది వేడుకలు, రక్తదాన శిబిరం, కొత్తగా వచ్చినవాళ్లకు అకామా (నివాస అనుమతి) కాగితాల సాయం ఎప్పటిలాగే నడిచాయి. వాటి వివరాలూ ఖర్చుల పట్టికా కోశాధికారి విడిగా పంపారు కాబట్టి ఇక్కడ మళ్లీ రాయడం లేదు. కోర్టు గురించి మాత్రం వివరంగా రాస్తున్నాం. కువైట్‌లో మరెవరైనా ఇలాంటిది తలపెడితే ఈ కాగితం చేతిలో పెట్టుకుని పని చేయించుకోగలగాలి.

ఏ నేల

కడప వైపైనా గోదావరి జిల్లాల్లోనైనా మనవాళ్లు ఆడి పెరిగింది మట్టి కోర్టు మీద. అదే ఇక్కడ వేసుకుంటే చౌక కదా అని చాలామంది అడిగారు. మన ఊళ్లో నీళ్లు చల్లి దిమ్మిస కొడితే నేల గట్టిపడేది అందులో బంకమన్ను ఉంటుంది గనుక. ఇక్కడి ఇసుకలో అది లేదు. చల్లిన నీళ్లు గంటలో ఆవిరైపోతాయి. వఫ్రా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి నేల మీద మిగిలేది ఉప్పు పొరే.

ఇసుక కోర్టూ ఆలోచించాం. బీచ్ వాలీబాల్ కోర్టు 16 × 8 మీటర్లు, చుట్టూ 3 మీటర్ల ఖాళీతో 22 × 14. లోతు 40 సెంటీమీటర్లు ఉండాలి. అంటే 123 ఘనపు మీటర్ల కడిగిన ఇసుక కావాలి. ఎడారి ఇసుక మరీ సన్నం, గాలికి లేచి కళ్లలో పడుతుంది. సముద్రపు ఇసుకలో ఉప్పు. పైగా బీచ్ వాలీబాల్లో జట్టుకు ఇద్దరే, మన జట్లన్నీ ఆరుగురి ఆటకు అలవాటుపడ్డవే. చివరికి కాంక్రీటు పలక మీద యాక్రిలిక్ పూత అని తేల్చాం. మోకాళ్లకు అది మట్టి అంత మెత్తన కాదు. మెత్తటి అట్ట ఉన్న బూట్లు లేకుండా కోర్టులోకి రావొద్దని నియమం పెట్టింది అందుకే.

స్థలం అద్దె తోటలోది. యజమాని దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే పార పెట్టాం. స్తంభాలు, లైట్లు, కంచె అన్నీ విప్పి తీసుకెళ్లగలిగేవే.

కొలతలు, అడుగు

ఆట కోర్టు 18 × 9, చుట్టూ 3 మీటర్లు, మొత్తం పలక 24 × 15 మీటర్లు. పొడవు ఉత్తర–దక్షిణాలుగా ఉంచాం. అడ్డంగా వేస్తే సాయంత్రం ఒక జట్టు కళ్లలోనే పొద్దు పడుతుంది. మూలమట్టం సరిచూడటానికి 18 × 9 పెట్టెకు రెండు కర్ణాలూ 20.12 మీటర్లు రావాలి. టేపు పట్టేవాళ్లు మధ్యాహ్నం ఎండలో కాకుండా పొద్దున్నే కొలవడం మేలు, వేడికి స్టీలు టేపు కూడా కొంచెం సాగుతుంది.

పైన 30 సెంటీమీటర్ల వదులు ఇసుక తీసేసి, ఇక్కడ గచ్ అని పిలిచే గట్టి సున్నపు మట్టిని 25 × 16 మీటర్ల మేర నింపాం. దిమ్మిస తర్వాత 30 సెంటీమీటర్లు మిగలాలంటే 120 ఘనపు మీటర్లు. వదులుగా లారీల్లో వచ్చేటప్పుడు పాతిక శాతం ఎక్కువ తెప్పించుకోవాలి. 15 సెంటీమీటర్ల చొప్పున రెండు పొరలుగా వేసి, ఒక్కో పొరకూ తడి సరిచూసి వైబ్రేటర్ రోలర్ నడిపించాలి. ఒకేసారి 30 పోసి రోలర్ తిప్పితే పైన గట్టిగా కనిపిస్తుంది, అడుగున బోలుగా ఉంటుంది, రెండో వేసవికి పలక కుంగుతుంది. కాంట్రాక్టరు తొందరపెట్టేది ఈ దశలోనే. నేల ఎంత గట్టిపడిందో చూసే డెన్సిటీ పరీక్షలో 95 శాతం రానిదే తర్వాతి పనికి ఒప్పుకోకూడదు.

వాటం కూడా ఈ పొరలోనే రావాలి. ఆరుబయట కోర్టుకు మీటరుకు 5 మిల్లీమీటర్ల వాలు నిబంధనలు ఒప్పుకుంటాయి. పశ్చిమం అంచు నుంచి తూర్పు అంచుకు 15 మీటర్లలో 75 మిల్లీమీటర్లు దించాం. ఎడారిలో వాన ఎక్కడిది అనుకోవద్దు. ఏడాదికి పడేది తక్కువే, పడేరోజు కుండపోతగా పడుతుంది. 2018 నవంబరులో కువైట్ రోడ్లు మునిగిన సంగతి అందరికీ గుర్తే.

గచ్ మీద 250 మైక్రాన్ల పాలిథీన్ షీటు, అతుకుల దగ్గర 30 సెంటీమీటర్లు ఒకదానిమీదొకటి. దీన్ని దండగ ఖర్చు అనుకుని మానేసే మేస్త్రీలున్నారు. నేలలోని తేమ పైకి ఎక్కేటప్పుడు ఉప్పును వెంట తెస్తుంది, యాక్రిలిక్ పూత కింద చేరి దాన్ని పొక్కుల్లా లేపుతుంది. ఎండ కన్నా ఉప్పే ఇక్కడి కోర్టుకు అసలు శత్రువని మా అభిప్రాయం.

కాంక్రీటు

పలక మందం 125 మిల్లీమీటర్లు, అంటే 45 ఘనపు మీటర్లు, ఐదు మిక్సర్లు. సల్ఫేటును తట్టుకునే సిమెంటు, 30 గ్రేడు, పై మూడో వంతులో వెల్డెడ్ మెష్ (ఇనుప వల), దానిపైన 40 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు. పోసింది డిసెంబరులో, తెల్లవారుజామున. జూన్ నుంచి ఆగస్టు దాకా 11 నుంచి 4 గంటల వరకు బయటి పని చట్టప్రకారం నిషేధం. అది లేకపోయినా ఆ నెలల్లో పలక పోయకూడదు.

చలికాలం కదా అని ఊరుకోకూడదు. పొడిగాలి వీస్తే పోసిన గంటకే పైపొర ఆరి వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. అందుకే గాలివైపు తెర కట్టి, సన్నటి నీటి తుంపర చల్లుతూ మట్టం చేయాలి. మిక్సరు డ్రైవరు జారుడు తగ్గిందని పైపుతో నీళ్లు కలపబోతే ఆపాలి. కలిపితే పైకి నున్నగా వస్తుంది, ఏడాదికల్లా పిండిలా రాలుతుంది.

తాపీతో అద్దంలా మెరిపించవద్దు. యాక్రిలిక్ పట్టాలంటే చీపురుతో లాగిన సన్నటి గరుకు కావాలి. క్యూరింగ్‌కు (కాంక్రీటు తొందరగా ఆరిపోకుండా చూడటానికి) స్ప్రే కొట్టే మందు వాడినా పూత పట్టదు. తడి గోనె పట్టాలు పరిచి, స్వీట్ వాటర్ (మంచినీటి) ట్యాంకరు తెప్పించి ఏడు రోజులు తడిపాం. బోరు నీళ్లు ఒక్క బకెట్టు కూడా వాడనివ్వలేదు.

జాయింట్ల (పలక ఎక్కడపడితే అక్కడ చీలకుండా ముందే పెట్టే కోతల) గురించి సంతోషంగా చెప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. వాలీబాల్ కోర్టు కొలతలన్నీ మూడుతో భాగించబడేవే. 24 × 15 పలకను 3 మీటర్ల గళ్లుగా, మొత్తం 40 గళ్లుగా కోస్తే, సైడ్ లైన్లు, ఎండ్ లైన్లు, అటాక్ లైన్ల (నెట్‌కు రెండువైపులా 3 మీటర్ల దూరంలో ఉండే గీతల) వెలుపలి అంచులు సరిగ్గా కోతల మీదే పడతాయి. నిబంధనల్లో కొలత గీత వెలుపలి అంచు వరకే కాబట్టి ఇది అలా కుదిరింది. రేపు జాయింటు దగ్గర పూత చీలినా గీత అంచులో కలిసిపోతుంది. సెంటర్ లైన్ కిందది మాత్రం గీత నడిమధ్య వెళుతుంది, గీతలు లేనిచోట పడే కోతలూ కొన్ని ఉన్నాయి, అవి కనబడక తప్పదు. కోత లోతు పలక మందంలో పావు వంతు, 32 మిల్లీమీటర్లు. తొందరగా కోస్తే రాళ్లు ఊడివస్తాయి, ఆలస్యమైతే పలక తనకు నచ్చినచోట చీలుతుంది. కోసే యంత్రం ఉదయం నుంచే సైటులో ఉండాలి.

నెట్ స్తంభాలు సైడ్ లైన్‌కు మీటరు బయట, 60 × 60 సెంటీమీటర్ల వెడల్పు, 90 లోతు పునాదుల్లో. స్తంభం దిగే గాల్వనైజ్డ్ పైపు స్లీవు అడుగున కంకర, పైన మూత. మూత లేకపోతే వారంలో ఇసుక నిండుతుంది. పునాదికీ పలకకూ మధ్య 12 మిల్లీమీటర్ల ఫోమ్ అట్ట పెట్టకపోతే నెట్ లాగుడంతా పలక మూలకు చేరి అక్కడే పగులుతుంది. స్తంభం ఎత్తు 2.55, నెట్ ఎత్తు మగవాళ్లకు 2.43, ఆడవాళ్లకు 2.24 మీటర్లకు మార్చుకోవచ్చు.

పూత, గాలి, వెలుగు

కాంక్రీటుకు 28 రోజులు నిండాకే పూత. జనవరి మధ్యలోనే వేయొచ్చు కదా అని అడిగినవాళ్లకు జవాబు: ఆ రాత్రుల్లో 10 డిగ్రీల కిందికి దిగితే యాక్రిలిక్ ఆరదు, తెల్లవారుజామున మంచు పడితే తెల్లబడుతుంది. ఫిబ్రవరి చివర్లో, మంచు ఆరాక మొదలుపెట్టి మధ్యాహ్నం రెండుకల్లా ముగించాం. ఏప్రిల్ దాకా ఆగితే సరాయత్ గాలివానల దుమ్ము తడి పూతకు అంటుకుంటుంది. పూతకు ముందు రెండు పరీక్షలు చేయాలి. అర మీటరు చదరపు ప్లాస్టిక్ ముక్కను నాలుగువైపులా టేపుతో అంటించి మర్నాడు తీస్తే కింద చెమ్మ ఉండకూడదు. పలకంతా నీళ్లు పోసి గంటాగి చూస్తే ఎక్కడా నాణెం మునిగేంత నీరు నిలవకూడదు.

రంగు లోపల లేత నీలం, బయట ఇసుక రంగు. ముదురు పచ్చ కావాలని కొందరు పట్టుబట్టారు. కువైట్ మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి ఎండలో ముదురు పూత 60 డిగ్రీలు దాటుతుంది, తొందరగా మెత్తబడి పాడవుతుంది.

షమాల్ గాలి వాయవ్యం నుంచి వస్తుంది. గోడ కడితే గాలి దానిమీదుగా దూకి సుడి తిరిగి ఇసుకను తెచ్చి కోర్టులోనే పోస్తుంది. సగం ఖాళీ, సగం అల్లిక ఉన్న వల కంచె మేలు. దాని వెనుక ఎత్తుకు పది రెట్ల దూరం వరకు ఇసుక పేరుకుంటుంది, కాబట్టి 1.2 మీటర్ల కంచెను కోర్టుకు 20 మీటర్ల అవతల పెట్టాం. చెట్లకు కోనోకార్పస్ వద్దన్నాం. వేళ్లు పైపుల్లో దూరతాయి, పలకను ఎత్తుతాయి. దాని బదులు రేగు మొక్కలు నాటాం.

లైట్లు రెండు పక్కలా దీపస్తంభాలకే. ఎండ్ లైన్ల వెనుక పెడితే సర్వీసు అందుకునేవాడికి బంతి కనబడదు. నేల మీద పడే వెలుగు 200 లక్స్ (వెలుగు కొలమానం) లక్ష్యంగా పెట్టుకున్నాం. ఎల్‌ఈడీ డ్రైవర్లు (లైటుకు సరిపడా కరెంటు అందించే పరికరాలు) స్తంభం మీద కాకుండా కింద గాలి ఆడే పెట్టెలో ఉన్నాయి. ఆ లైట్లు పోయేది ఎక్కువగా డ్రైవరు వేడెక్కే.

వాడకం

సన్నటి దుమ్ము మీద బూటు జారుతుంది, కాబట్టి ఆటకు ముందు బ్లోయరు, తర్వాత మంచినీటి తడి మాప్. నెట్ ఆట అవగానే విప్పాలి. ఎండకు నైలాన్ దారం పెళుసెక్కుతుంది. బంతి పీడనం చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలోలు ఉండాలి. 22 డిగ్రీల ఏసీ గదిలో 0.31 కొట్టిన బంతి 45 డిగ్రీల్లో 0.4 దాటుతుంది, లిఫ్టరు (బంతి ఎత్తి అందించేవాడి) వేళ్లు విరగ్గొట్టేంత గట్టిపడుతుంది. గాలి కోర్టు దగ్గరే చూసి కొట్టండి, బంతులు కారు డిక్కీలో వదలకండి.

మే నుంచి సెప్టెంబరు వరకు ఆట రాత్రి 9 తర్వాతే. ఆగస్టు ఉక్కలో రాత్రి కూడా చెమట ఆరదు. సెట్టు సెట్టుకూ నీళ్లు, ఉప్పు కలిపిన లబన్ (మజ్జిగ) లేదా ఓఆర్‌ఎస్. చెమట ఆగిపోయి ఒళ్లు కాలుతున్నా, మాట తడబడుతున్నా వడదెబ్బే. ఆట ఆపి, తడిపి, 112కు ఫోన్ చేయాలి.

వచ్చే అక్టోబరులో జాయింట్లలో నింపిన సీలెంటు చూసి, ఊడినచోట పాలీయురేథేన్ మళ్లీ నింపాలి. దానికి నిధి విడిగా పక్కన పెట్టాం. కోర్టు తాళం, బుకింగు పుస్తకం క్రీడా కార్యదర్శి దగ్గర ఉంటాయి. శుక్రవారం రాత్రి సమయాలకు బుధవారంలోగా పేరు రాయించుకోవాలి.

— కార్యవర్గం