యార్క్‌లో ఏటి పక్కన నడక

ఇంగ్లండ్‌లోని యార్క్ వెళ్తున్నవాళ్లు ఒక పూట మ్యూజియం గార్డెన్స్‌కి అట్టిపెట్టుకోండి. టికెట్ లేదు. పచ్చిక మీదే సెయింట్ మేరీస్ మఠం శిథిలాలుంటాయి. మల్టాంగ్యులర్ టవర్‌ని మాత్రం దగ్గరికెళ్లి చూడండి: కింది చిన్న రాళ్లు రోమన్లవి, పైన పెద్దవి మధ్యయుగం నాటివి. అక్కణ్నుంచి ఊజ్ నది వెంట దక్షిణంగా నడిస్తే న్యూ వాక్, 1730లలో వేసిన చెట్ల బాట. అందరూ కోట గోడ ఎక్కమంటారు గానీ, నా ఓటు దీనికే! మిలీనియం వంతెన దాటి రౌన్‌ట్రీ పార్క్ మీదుగా తిరిగి రావచ్చు. మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన తమ కోకో ఫ్యాక్టరీ ఉద్యోగుల గుర్తుగా రౌన్‌ట్రీ కంపెనీ 1921లో ఊరికిచ్చిన పార్కు అది.

ఎగువన గట్టి వాన పడితే ఊజ్ పొంగి బాటలు మునుగుతాయి. బయల్దేరేముందు నీటిమట్టం చూసుకోండి.