యూనియన్ లెక్కలు గేటు కాడ అతికియ్యాలె

ఎడిటర్ గారికి నమస్తే,

మొన్న మా అల్లుడు టీవీల పెడితే బ్లూ కాలర్ అని 1978 నాటి అమెరికా సినిమా చూసిన. డెట్రాయిట్ల కార్ల ఫ్యాక్టరీ, అప్పులల్ల మునిగిన ముగ్గురు కార్మికులు, గతిలేక సొంత యూనియన్ ఆఫీసులనే ఇనప్పెట్టె ఎత్తుకపోతరు, పైసలు పెద్దగ దొరకయి గానీ ఒక లెక్కల పుస్తకం దొరుకుతది, అండ్ల నాయకులు యూనియన్ పైసలు దొంగచాటుగ అప్పులకిచ్చిన గుట్టంత ఉంటది. ఒకాయన నా లాకర్ ఖరాబైంది బాగు చేయించుండ్రి అని నెలల సంది మొత్తుకుంటడు, యూనియనాయన పట్టించుకోడు. నాకైతే అది డెట్రాయిట్ అనిపియ్యలే.

నేను పనిచేసిన ఫ్యాక్టరీల (పేరెందుకు లెండి) చందా కట్టంగనే కార్బన్ పేపర్ పెట్టి రశీదు రాసిచ్చేటోళ్లు, పది రూపాయలకు గూడ పక్కా రశీదే, గానీ అవన్ని కలిపి ఎటు పోయినయంటే మాత్రం నీకు నాయకుల మీద నమ్మకం లేదా అని ఎదురు అడిగేటోళ్లు. జనరల్ బాడీల లెక్కలు చదివేటప్పుడే మైకు ఖరాబయ్యేది, అదేం విచిత్రమో.

సభ్యుడెవడైనా యూనియన్ లెక్కల పుస్తకం చూడొచ్చని, ఏటా ఆడిట్ చేసిన లెక్క రిజిస్ట్రారుకు పంపాలని 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టంలనే రాసిన్రు. ఎంతమంది కార్మికులకు ఎరుక? 2023 డిసెంబర్ల సింగరేణి బొగ్గు గనులల్ల గుర్తింపు సంఘం (కార్మికుల తరఫున మేనేజ్‌మెంటుతోని మాట్లాడే యూనియన్) ఎన్నికలైనయి, ఏఐటీయూసీ యూనియన్ గెలిచింది, అప్పుడు హామీల మీద పేపర్లల్ల పేజీలకు పేజీలు వచ్చినయి, చందాల లెక్క మీద ఒక్క వార్త నా కంట పడలే.

గిట్ల రాస్తే యూనియన్లే వద్దంటున్నవా అంటరు. అస్సలు కాదు, ఆ సినిమాల కూడ ఆఖరికి ఆ ముగ్గురిల ఉన్న నల్లాయన తెల్లాయన దోస్తులే కొట్లాటకు దిగుతరు, అండ్ల లాభం ఎవలకో చెప్పాల్నా. వరంగల్ల 1934ల పెట్టిన ఆజంజాహి బట్టల మిల్లు 2002ల మూతబడ్డంక మా దిక్కు పిల్లలు ఇప్పుడు గీసుకొండ కాడి మెగా టెక్స్‌టైల్ పార్కు మీద ఆశ పెట్టుకున్నరు, వాళ్లకు యూనియన్ ఉండాల్సిందే, లెక్క చూపెట్టే యూనియన్ ఉండాలె.

మీకు నా మనవి ఒక్కటే, ఈసారి ఏ ఫ్యాక్టరీల ఎలక్షన్లు వచ్చినా పోటీల ఉన్న అన్ని సంఘాలను ఆడిట్ లెక్క అడగుండ్రి, ఇచ్చినోళ్లది అచ్చెయ్యుండ్రి, ఇయ్యనోళ్ల పేర్లు గూడ అచ్చెయ్యుండ్రి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిట్టర్, హన్మకొండ