టేపుతో వచ్చిన అన్నయ్యలు, అక్కయ్యల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎనిమిదో తరగతి పిల్లలు టేపు పట్టుకుని ఒకటో తరగతిలోకి ఎందుకు వెళ్లారని వారం రోజులుగా ఫోన్లు వస్తున్నాయి. "మా బాబు ముక్కు కొలవడానికి మీకేం పని?" అని ఒకరు సూటిగానే అడిగారు. పని ఉంది. మా ఎనిమిదో తరగతి వాళ్లు చిన్నపిల్లల ముఖాలకు సరిపోయే పొగ మాస్కుల నమూనాలు తయారుచేస్తున్నారు. మొన్న పొగ కమ్మిన రోజున చిన్నవాళ్లలో చాలామంది పెద్దల మాస్కులతో వచ్చారు. చెవి దగ్గర ముడి వేస్తే చాలనుకున్నట్టున్నారు. ముడితో దారం బిగుస్తుంది కానీ బుగ్గల పక్కన అంచు లేచి సందు ఏర్పడుతుంది. పొగకు ఆ సందు చాలు.

ఎన్95 అనే అమెరికా ప్రమాణపు ముద్ర ఉన్న మాస్కు పొర 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాల్లో కనీసం 95 శాతాన్ని ఆపాలి. అది పొర సంగతి, సందు సంగతి కాదు. పైగా ఆ ముద్ర పనిచోట్ల మాస్కు వాడే పెద్దల కోసం పెట్టింది. చైనా 2020లో 6 నుంచి 14 ఏళ్ల పిల్లల మాస్కులకు విడిగా ప్రమాణం రూపొందించింది. పెద్దల మాస్కును కుదిస్తే పిల్లల మాస్కు అయిపోదు. పొర వైశాల్యం తగ్గితే ఊపిరి పీల్చడం కష్టమవుతుంది, పిల్లలేమో మనకన్నా వేగంగా ఊపిరి తీస్తారు. అందుకే మడతలు పెట్టి వైశాల్యం పెంచాలి, గుడ్డ పెదవులకు అంటకుండా చూడాలి, చదునైన చిన్న ముక్కుకు తగ్గట్టు తీగ వంగాలి. ఇవన్నీ కొలవకుండా ఎలా తెలుస్తాయి, చెప్పండి!

మా వాళ్ల తెలివి చూడండి. ఒకమ్మాయి కళ్లద్దాల పిల్లలకు నమూనాలు తొడిగి, ఎవరి అద్దాలు మసకబారుతున్నాయో రాసుకుంది. ముక్కు దగ్గర గాలి జారుతోందని పట్టడానికి అంతకన్నా చవకైన పరికరం నాకు తెలియదు. ఇంకో అబ్బాయి, ఆటలో ఎవరైనా లాగితే మెడకు బిగుసుకోకుండా ఊడిపోయే కొక్కెం వెనుక పట్టీకి అమర్చాడు. వాడికి లెక్కల్లో ఎన్ని మార్కులొస్తాయో ఇప్పుడు అడగకండి. ఇవి నమూనాలే, పొగలో వాడటానికి ఇవ్వం.

శుభ్రత మీద మీకున్న శ్రద్ధకు ధన్యవాదాలు. కానీ వడపోత మాస్కులను దయచేసి సబ్బునీటిలో ఉతకకండి, కణాలను పట్టే విద్యుదావేశం పోతుంది. సంచి అడుగున నలిగి, సిరా అంటినదాన్ని మర్నాడు మళ్లీ తొడిగించకండి.

 

కొలతలు వద్దనుకునే వారు శుక్రవారంలోగా డైరీలో ఒక్క వాక్యం రాసి పంపండి, మీ పిల్లలను కొలవం.

ప్రధానోపాధ్యాయురాలు