శవాన్ని కాదు, చుట్టూ ఉన్నవాళ్లను చూసి నవ్వాలి
ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడల్లో మన తెలుగు కుర్రాళ్లు తీస్తున్న లఘుచిత్రాలు చావు హాస్యం పేరిట శవాన్నే వెక్కిరిస్తున్నాయి. 1983 నాటి హిందీ చిత్రం ‘జానే భీ దో యారో’లో శవానికి ద్రౌపది చీర కట్టినా, నవ్వు పుట్టేది దానికోసం కుమ్ములాడుకునే అవినీతిపరుల వల్లే. పాడె మీది మనిషి జారిపడితే జాలేస్తుంది. ఆ పాడె పక్కనే, పెద్దకర్మకు గారెలా బూరెలా అని అన్నదమ్ములు గొంతు తగ్గించి తగువాడుకుంటే నవ్వొస్తుంది. ఆ మాట పడ్డాక రెండు సెకన్లు నిశ్శబ్దం ఉంచాలి. మనవాళ్లు సరిగ్గా అక్కడే ‘టొయ్ఁ’మనే చప్పుడు అతికించి నవ్వు చెడగొడుతున్నారు. శవం వేషం వేసినవాడి పొట్ట ఎగిసిపడుతున్నా షాటు కోయరు; పాదాల బొటనవేళ్లకు కట్టిన తాడు దగ్గరగా చూపిస్తే చాలదా? లఘుచిత్రాల పోటీలు పెట్టే తెలుగు సంఘాలు ఒక పూట స్క్రిప్టులు చదివించి, చప్పుళ్ల సాయం లేకుండా నవ్వించలేని సన్నివేశాన్ని తిరిగి రాయించాలి.
– ఒక పాఠకుడు, రాయగడ (ఒడిశా)