వారానికి రెండు గంటలు హాలు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మా కాలనీలో పదిమందిమి ఆదివారం సాయంత్రాలు ఒకరి మేడ మీద చేరి బోర్డు ఆటలు ఆడుకుంటాం, పందేలు ఏమీ ఉండవు, టీ మాత్రం ఉంటుంది. మొన్న చెస్, క్యారమ్స్ పక్కన పెట్టి పులి-మేక ఆడాం. 3 పులులు, 15 మేకలు, గచ్చు మీద సుద్దముక్కతో గీసుకుంటే చాలు. ఇంజినీరింగ్ చదివే కుర్రాడు పులులు తీసుకుంటే పక్కింటి బామ్మగారు మేకల్ని ఒక్కొక్కటే దింపుతూ ఆ మూడింటినీ కదలనివ్వకుండా కట్టేస్తుంటే, అందరం చుట్టూ మూగి ఊపిరి బిగబట్టి చూశాం. ఎవరికీ ఫోన్ గుర్తు రాలేదు. తర్వాత ఆవిడే పిల్లలకి అష్టాచెమ్మా నేర్పారు, 4 గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, అన్నీ బోర్లా పడితే అష్టా అని. చింతపిక్కలు ఏరి పెట్టాం, వచ్చేవారం వామనగుంటలు.

బాధేంటంటే వానొస్తే మాకు చోటు లేదు. కమ్యూనిటీ హాలు పెళ్లిళ్లు లేని రోజుల్లో తాళం వేసే ఉంటుంది, అడిగితే "పేకాట మొదలెడతారు" అన్నారు. ఆ మాట చాలా కష్టంగా అనిపించింది. డబ్బు పెట్టి ఆడే జూదానికీ, బామ్మా మనవడూ ఆడుకునే ఆటకీ తేడా లేదా? దయచేసి వారానికి రెండు గంటలు ఇవ్వండి, ఊడ్చి తాళం మేమే వేసి అప్పజెప్తాం.

— ఒక పాఠకురాలు, గుంటూరు